చిన్నల్లుడి పనితనం

"వద్దు బాబూ, ప్లంబరు వస్తాడు," అని అత్తగారు అంటూనే ఉన్నారు. చిన్నల్లుడు అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచేశాడు.

పెరటి గోడకున్న కుళాయి మూతికి రబ్బరు గొట్టం తగిలించే ఇత్తడి నట్టు ఒకటుంది. ఏళ్ల తరబడి విప్పకపోవడంతో చిలుము పట్టి కుళాయికి అతుక్కుపోయింది. గొట్టం చిరిగింది. కొత్తది తగిలించాలంటే ఆ నట్టు ఊడాలి.

మామూలుగా ఇలాంటి పనులన్నీ పెద్దల్లుడివే. ఫ్యాను తిరగకపోయినా, తలుపు పట్టేసినా ఆ ఇంట్లో అందరూ ఆయన్నే తలుచుకుంటారు. చిన్నల్లుడికి మాత్రం కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలో కూర్చుని కూర్చుని అతనికి విసుగెత్తిపోయింది.

ఈసారి మామగారే పిలిచారు. పెద్దల్లుడు వచ్చేదాకా ఆగడమెందుకు, నువ్వు చేయలేవా ఏంటి అంటూ పెద్ద రెంచి తెచ్చి చేతిలో పెట్టారు. చిన్నల్లుడికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

కిరసనాయిలు పోశాడు. సుత్తితో చుట్టూ తట్టాడు. వేణ్నీళ్లు గుమ్మరించాడు. నట్టు ఉలకదు, పలకదు. గుమ్మంలోంచి భార్య "వచ్చిందా?" అని అడిగేసరికి అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. గోడ దగ్గర పైపు మొదట్లో తెల్లగా ఏదో ముద్ద కనిపించింది. సున్నమేమోలే అనుకుని, పళ్లు బిగబట్టి రెంచి మీద బరువంతా వేశాడు.

ఫెళ్లుమంది. నట్టు రాలేదు, కుళాయికి కుళాయే ఊడి చేతిలోకొచ్చింది. గోడలోంచి నీళ్లు ఎగజిమ్మి ఆరేసిన దుప్పట్లనీ, అత్తగారి నారుమొక్కల్నీ, అతని మొహాన్నీ ఒకేసారి తడిపేశాయి. అదృష్టం కొద్దీ వాల్వు పక్కనే నిలబడి ఉన్న మామగారు చటుక్కున కట్టేశారు.

చిన్నల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు. అత్తగారు బురదలో పడ్డ దుప్పటి పిండుకుంటూ, "పోనీలే బాబూ, పాత పైపు కదా," అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. భార్య తువ్వాలు ఇచ్చింది గానీ మొహం చూడలేదు. ఇక ఈ సంగతి పెద్దల్లుడి చెవిన పడుతుంది, ఆయన పాపం అని జాలిపడతాడు. అది తలుచుకుంటేనే అతనికి తల కొట్టేసినట్టుంది. ఎవరూ వేయకుండానే కుర్చీ తనే లాక్కుని, కుళాయి ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

మామగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"తప్పైపోయింది మామయ్యగారూ," అన్నాడు తలెత్తకుండా.

మామగారు వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "నువ్వు చేసిందేముంది? ఆ పైపు నిన్న నేనే పగలగొట్టి, లప్పం పెట్టి అతికించాను. నేనని తెలిస్తే మీ అత్తయ్య బతకనివ్వదు, అదే నువ్వయితే పల్లెత్తు మాటనదు."

"మరి పెద్దల్లుడుగారు వచ్చేదాకా ఆగలేకపోయారా?"

"వాడు చూడగానే కనిపెట్టేస్తాడయ్యా, అందుకేగా నిన్ను పిలిచింది!"