పక్క స్టూలు బాబాయ్

డ్రిల్లు మళ్లీ జారింది. పక్క పన్ను మీద గాటు పడింది.

ఆ అమ్మాయి ప్లాస్టిక్ పన్ను ఊడబీకి చెత్తబుట్టలో పడేసింది. ఆ మధ్యాహ్నానికి అది ఐదోది.

దంత వైద్య కళాశాలలో రెండో ఏడు వాళ్లకు రోగుల నోళ్లు అప్పగించరు. బల్లలకు బిగించిన బొమ్మ తలకాయలు ఇస్తారు. వాటి పళ్లలో పుచ్చు తీసినట్టు గుంట తొలచాలి. ఆ పరీక్ష ఆమె ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడు వారాల్లో మూడోసారి. అదీ పోతే ఏడాది గోవిందా.

పాపం, ఆమెది ఎడమచేతి వాటం. ల్యాబేమో కుడిచేతి వాళ్ల కోసమే కట్టినట్టుంటుంది. డ్రిల్లు కుడివైపు, పనిముట్ల పళ్లెం కుడివైపు, మేడమ్ చూపించేదీ కుడిచేత్తోనే. "అర్థమైందా?" అని ఆవిడ అడిగితే ఈమె బుద్ధిగా "అర్థమైంది మేడమ్" అంటుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"నాదీ అదే గతి," అన్నారెవరో.

ఎప్పుడూ ఖాళీగా ఉండే పక్క స్టూలు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన తల, పేరు బిళ్ల లేని తెల్లకోటు, ఎడమచేతిలో డ్రిల్లు. చదువు మధ్యలో ఆపేసి మళ్లీ చేరిన పాత విద్యార్థి కాబోలనుకుంది. ఆయన తొలిచిన గుంట చూసి ఆమెకు నవ్వాగలేదు.

"ఏంటి బాబాయ్, ఎలుక కొరికినట్టుంది!"

"అంత బాగా వచ్చిందా?" అన్నాడాయన సంబరంగా. "నువ్వెలా పట్టుకుంటున్నావో కాస్త చూపించమ్మా."

ఆ ల్యాబులో ఆమెను చూపించమన్న మొదటి మనిషి ఆయనే. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాటి నుంచి ఇద్దరికీ ఒకటే గొడవ.

"తలకాయని గడియారం అనుకోండి. మేడమ్ తొమ్మిది దగ్గర కూర్చుంటే మనం మూడు దగ్గర కూర్చోవాలి."

"అక్కడైతే నా మెడ పట్టేసింది. ఒంటిగంట దగ్గర కూర్చుని చూడు."

చూసింది. నిజమే. నేల మీద సుద్దముక్కతో గీత గీశారు.

ఇంకోరోజు డ్రిల్లు తగిలించే కొక్కెం విప్పి ఎడమవైపు బిగించాడాయన.

"మేడమ్ చూస్తే చంపేస్తారు!"

"నా పేరు చెప్పు."

"మీ పేరు చెబితే ఇద్దర్నీ చంపేస్తారు."

ఆయన పకపకా నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"మేడమ్ చెప్పేటప్పుడు నీకు ఎక్కడ అర్థం కాకుండా పోతుంది?"

"మొదట్లోనే బాబాయ్. ఆవిడ మోచెయ్యి అడ్డం. అడుగుదామంటే భయం."

"రాయి. అచ్చం ఇలాగే, నీ మాటల్లోనే రాయి."

నోటుపుస్తకం నిండుతూ వచ్చింది. ఎక్కడ కూర్చోవాలి, అద్దం ఎటు వంచాలి, భయమేసినప్పుడు ఏం అడగాలి, అన్నీ రాసింది. ఆయన చెయ్యి మాత్రం కుదరనే లేదు.

"అబ్బబ్బ, మొద్దు చెయ్యి బాబాయ్ మీది! ముందు ఉంగరం వేలు పక్క పన్నుకి ఆనించండి. చేతిని గాల్లో ఉంచి తొలిస్తే జారదా మరి?"

అన్నాక ఎందుకో తన చెయ్యి చూసుకుంది. తన వేలూ గాల్లోనే ఉంది.

ఆ సాయంత్రం మొదటిసారి డ్రిల్లు జారలేదు. ఆయన ఆమెకంటే ఎక్కువ మురిసిపోయాడు.

పరీక్ష రోజు మేడమ్ తన గదిలో ఆమె తొలిచిన గుంట అంచు వెంట సన్నటి పుల్లతో ఒకసారి గీరి చూసింది. మళ్లీ చూసింది. నూటికి ఎనభై రెండు మార్కులు వేసింది.

ఆమె ఒక్క ఉరుకున ల్యాబులోకి వెళ్లింది. పక్క స్టూలు ఖాళీ. అదే ఉరుకులో వెనక్కొచ్చింది.

"మేడమ్, నా పక్కన కూర్చునే బాబాయ్ ఏరీ? ఆయన పరీక్ష ఎప్పుడు?"

"పొద్దున బండికే వెళ్లిపోయారు."

"పరీక్షకు కూర్చోకుండానా? నా మీద కోపమొచ్చిందేమో మేడమ్. నోటికొచ్చినట్టు మాట్లాడాను."

మేడమ్ సొరుగులోంచి ఒక పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టింది. మొన్న బాబాయ్ అడిగి తీసుకున్న ఆమె నోటుపుస్తకమే, శుభ్రంగా టైపు చేయించి కుట్టించారు. అట్ట మీద రాసినవాళ్లుగా ఇద్దరి పేర్లున్నాయి. మొదటిది ఆమెది.

"వచ్చే ఏడు ఎడమచేతి వాటం పిల్లలకు నేను దీన్ని చూసే చెప్పాలి. రెండో పేరు మా గురువుగారిది. ఈ కాలేజీలో మాకందరికీ ఆయనే చదువు చెప్పారు."

ఆమె ఆ రెండో పేరు మళ్లీ చదివింది.

"అయ్యో, ముందే చెప్పలేదేం మేడమ్?"

"చెబితే ఆయనకి కూడా 'అర్థమైంది సార్' అనేదానివి. అందుకే నన్ను నోరెత్తొద్దన్నారు."

నిజమే. అలాగే అనేది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కనీసం ఒక్క నమస్కారమైనా పెట్టలేదు ఆయనకి.

"మరి అంత పెద్దాయన చెయ్యి అలా జారేదేంటి మేడమ్?"

మేడమ్ సొరుగు మూసేసింది.

"జారదూ మరి? నలభై ఏళ్లు కుడిచేత్తో పళ్లు బాగుచేసిన మనిషి, నువ్వెక్కడ జారుతున్నావో తెలుసుకోవాలని ఈ మూడు వారాలే, జీవితంలో మొదటిసారి, ఎడమచేత్తో డ్రిల్లు పట్టారు."