చెవిలో కోచ్

కాలేజీ బాస్కెట్‌బాల్‌లో కుందన చెవిలోని శనగగింజంత యంత్రం "ఇప్పుడు వెయ్యి" అనేది. ఆమె వేసేది, బంతి బుట్టలో పడేది. ప్రొఫెషనల్ లీగులో ఆ యంత్రాన్ని గేటు దగ్గరే తీయించేస్తారు. అక్కడ ఆడిన మొదటి మూడు మ్యాచుల్లోనూ కుందన బంతి పట్టుకుని, ఎవరో చెబుతారన్నట్టు నిలబడిపోయింది.

ఆదివారం ఇంట్లో గారెలు వేస్తూ, "తిప్పనా అమ్మా?" అంది.

మాట్లాడే పొయ్యి జవాబు చెప్పబోయింది. తల్లి మంగతాయారు దాని మీట నొక్కి నోరు మూయించింది.

"నూనె చప్పుడు తగ్గింది, వినపడట్లా? నన్నడుగుతావేంటే!"

నాలుగో మ్యాచులో తనను అడ్డుకుంటున్న ఎదుటి జట్టు అమ్మాయి బూటు చప్పుడు ఒక్క క్షణం వెనకబడింది. అది విని కుందన ఎగిరి బంతి వేసింది. అది రింగుకు తగిలి బయట పడింది.

"ఎవరు వెయ్యమన్నారు?" కోచ్ అరిచాడు.

"నేనేనండీ!" అంటూ కుందన మళ్ళీ బంతి కోసం చేతులు చాచింది.