రాగిరేకు ముఖం

“నిద్రలో ఇది జారిపోయి ఊపిరాడకపోతే?” అంది ఓర్తాన్స్.

అప్పటికింకా ఆ రాగిరేకు ముఖం పెట్టెలోంచి బయటకైనా రాలేదు.

“పడుకునేముందు తీసి పక్కన పెట్టుకోవాలి మదాం. టోపీ పెట్టుకుని ఎవరైనా పడుకుంటారా?” అన్నాడు శిల్పి ఒర్వో.

“మరి వాన పడితే? నలుగురిలో ఉన్నప్పుడు రంగు కారిపోతే?”

“కారదు. గిన్నెలకి వేసే ఎనామిల్ రంగే ఇది. మీ వంటింట్లో గిన్నెల రంగు కారుతోందా?”

“కారలేదుగానీ, ఒకదానికి పెచ్చులూడాయి.”

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న సైనికుడి భుజాలు కదిలాయి. అది నవ్వో దగ్గో ఆమెకి తెలియలేదు. అతని ముఖానికి కళ్ళ కిందినుంచి మెడ దాకా తెల్లగుడ్డ కట్టి ఉంది. దాని కింద ఏం మిగిలిందో మాత్రం ఆమెకి తెలుసు. ఫిరంగి గుండు ముక్క ఒకటి ముక్కునీ, కింది దవడలో సగాన్నీ పట్టుకుపోయింది.

పారిస్‌లో ఆ మేడగది గోడల నిండా ప్లాస్టర్ ముఖాలు వేలాడుతున్నాయి. యుద్ధానికి ముందు ఒర్వో సమాధుల మీద దేవదూతలను చెక్కేవాడు. ఇప్పుడు సిపాయిలకి ముఖాలు చేస్తున్నాడు. ముందు గాయపడ్డ ముఖానికి అచ్చు తీస్తాడు. పాత ఫొటో చూసి, పోయినవాటిని మట్టితో పూరిస్తాడు. ఆ మట్టి ముఖం మీద పలచని రాగిరేకు పరిచి అచ్చు దింపి, చర్మం రంగు వేసి, కళ్ళజోడుకి అతికిస్తాడు. అది పెట్టుకుంటే మనిషి మళ్ళీ వీధిలోకి రావచ్చు. పిల్లలు జడుసుకోరు.

ఫొటో ఇచ్చింది ఓర్తాన్సే.

“ఒక్క మాట మదాం,” అంటూ ఒర్వో ఆ ఫొటోని వెలుతురుకి ఎత్తి పట్టాడు. “ఇందులో కళ్ళ మధ్య ఎడం తక్కువ. ముక్కు కూర్చోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.”

ఆమె ఫొటో వెనక్కి తీసేసుకుంది.

“అన్నేళ్ళు కందకాల్లో నానితే ఎవరైనా ఫొటోలోలాగే ఉంటారా మెస్యో?” అంది గబగబా.

“అదీ నిజమే. యుద్ధానికి ముందు మోంపర్నాస్ పేటలో మా కుర్ర చిత్రకారులు ముఖాల్ని ముక్కలు ముక్కలు చేసి గీసేవాళ్ళు. కన్నొకచోట, ముక్కొకచోట. జనం పగలబడి నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆ ముఖాలే నా మెట్లెక్కి వస్తున్నాయి. నవ్వేవాడు ఒక్కడు లేడు.”

ఓర్తాన్స్ ఆ మాటలు వినడం లేదు. స్టూలు లాక్కుని సైనికుడి మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

“నాన్నా, సాయంత్రం రైలుకి పోదాం, ఏం? ఇంట్లో ఆయన ఇంకెన్నాళ్ళో ఉండరు. డాక్టరు పెదవి విరిచేశాడు. రోజంతా మంచంలోంచి తలుపు వంకే చూస్తుంటారు. ఒక్కసారి ఈ మొహం చూశారంటే హాయిగా కళ్ళు మూస్తారు. నిన్ను కట్టిపడెయ్యను. ఆయన పోయాక నీ ఇష్టం.”

అతను కిటికీలోంచి కిందికి చూశాడు.

ప్రతి గురువారం ఆస్పత్రికి సూపు తీసుకెళ్ళి ఇదే అడుగుతోంది. అడిగినప్పుడల్లా అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముఖం చేయించుకోవడానికైతే ఒప్పుకున్నాడు. ఆమె వెంట రావడానికి ఇంకా ఒప్పుకోలేదు. ఇప్పుడు రానంటే? వచ్చినా, ఆయన ఒక్క చూపులో ఏదో తేడా కనిపెడితే? తేడా కనిపెట్టకపోయినా, ఆ సంతోషానికే గుండె ఆగిపోతే?

ఒర్వో గుడ్డ విప్పాడు. రేకుని ముఖానికి ఆనించి, కళ్ళజోడు కొమ్ములు చెవుల వెనక తగిలించాడు. గోధుమరంగు మీసం. సిగరెట్టు పట్టేటంత తెరుచుకున్న పెదాలు.

ఓర్తాన్స్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యుద్ధానికి వెళ్ళేరోజు గుమ్మంలో నిలబడి “ఏడవకు, ద్రాక్ష కోతలకి వచ్చేస్తాగా” అన్న ముఖం, అచ్చం అదే.

“బుగ్గలు... ఇంకాస్త ఎర్రగా ఉండేవి,” అంది.

“మెడ రంగుతో కలవాలి కదా మదాం. మెడ దేవుడు చేసింది, ముఖం నేను చేసింది. తేడా కనిపిస్తే తిట్లు నాకే.”

అద్దం అందించాడు. ఆస్పత్రిలో అద్దాలుండవు. సైనికుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇది నా మొహం కాదు,” అన్నాడు. రేకు వెనకనుంచి మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

ఓర్తాన్స్ చేతిలో సంచి జారిపడింది.

ఒర్వో నవ్వేశాడు. “మొదటిరోజు అందరూ అనే మాటేనోయ్. పెళ్ళికి కుట్టించిన కోటు మాత్రం మొదట్లో బిగుతుగా ఉండదూ?”

చేతులు కడుక్కోవడానికి పక్కగదిలోకి వెళ్ళాడు.

ఓర్తాన్స్ సంచి తీసుకోలేదు. గొంతు తగ్గించి అంది: “బలవంతం లేదు నాన్నా. రానంటే రానని చెప్పెయ్. ఒక్కదాన్నే పోతాను. ఆయనకి ఏదో ఒకటి చెప్పుకుంటాను.”

ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. ఇన్నాళ్ళూ ఆయనతో, కొడుక్కి సెలవు దొరకలేదంది. జ్వరమంది. రైళ్ళు తిరగడం లేదంది. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

పక్కగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. కింద వీధిలో గుర్రబ్బండి ఒకటి దూరంగా వెళ్ళిపోయింది. రేకు పెదాలు కదలవు. అందుకని అతను మాట్లాడబోతున్నాడో లేదో ఆమెకి తెలిసే దారి లేదు. కళ్ళజోడు వెనక కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి. అవి తడిగా ఉన్నాయి.

అతను వంగి, కింద పడ్డ సంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

“ఆయన పిలిస్తే పలకాలి కదమ్మా, మీ అబ్బాయిని ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళు?”