ఉడతల మీద ఫిర్యాదు

"మళ్ళీ ఏం పంపుతున్నావు?" రోషెల్ పక్క సీటు వెండెల్ ఫోన్‌లోకి తొంగిచూసింది.

"మా పెరట్లో ఉడతల మీద ఫిర్యాదు. నల్లవీ బూడిదరంగువీ కలిసి తింటున్నాయని."

నల్లవాళ్ళకీ ఆడవాళ్ళకీ వికలాంగులకీ ఆఫీసుల్లో చోటు కల్పించే పని ఇంకా ఎవరు చేస్తున్నా తనకు చెప్పమని, ఆ పనిని నిషేధించిన అమెరికా ప్రభుత్వం తన ఉద్యోగులకి ఒక ఈమెయిల్ అడ్రసు ఇచ్చింది. దాన్ని చెత్త ఫిర్యాదులతో నింపెయ్యమని ఆన్‌లైన్‌లో జనం పిలుపునిచ్చారు.

రోషెల్ నవ్వబోయి ఆగింది. వెండెల్ నవ్వడం లేదు. చెమటకి అతని వేలు తెర మీద జారుతోంది.

"ఎవరైనా చూస్తే ఉద్యోగం ఊడుతుంది, మహానుభావా!"

"అన్నీ చదవలేరుగా?" అన్నాడతను. "ఇంత చెత్తలో నిజమైనది ఒక్కటుంటే కనపడదుగా?"

రోషెల్ అతని ముఖంలోకి చూసింది. కొత్తగా చేరిన నల్లపిల్లలకి ఈ ఆఫీసులో దారి చూపిస్తున్నది తనొక్కతే.

"తెలిసీ చెప్పనివాళ్ళ మీద కూడా చర్య తీసుకుంటామన్నారు." అతను తలెత్తలేదు. "మా ఆవిడ డయాలిసిస్ నా ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సు మీదే నడుస్తోంది. భయపడి మొదటిరోజే ఒక పేరు రాసేశాను."

ఎవరి పేరని ఆమె అడగలేదు. అధికారి గది తలుపు వైపు ఒకసారి చూసింది. కుర్చీ అతని దగ్గరికి లాక్కుని, తన ఫోన్ తీసింది.

"ఆ అడ్రసేదో చెప్పి చావు. మా అమ్మమ్మ రొయ్యలూ బెండకాయలూ వేసి పులుసెలా కాచేదో రాస్తా. నీ ఉడతలు సరిపోవు."