నెట్ ఎవరు వాడారు?

"సగం నెల కాలేదు, నెట్ అయిపోవచ్చింది. ఈ నరీన్ ఊరి చలికి ఇంట్లో కూర్చుని వీడియోలు చూసేది నువ్వేగా?" అన్నాడు ఎమిల్.

అతని భార్య నూర్జాత్ ఎవరెంత వాడారో ఫోన్లో తీసి చూపించింది. ఆమె పేరు అట్టడుగున ఉంది. అన్నిటికంటే పైన అత్తగారి టాబ్లెట్ ఉంది.

"అమ్మా? అమ్మేం చూస్తుంది?"

నూర్జాత్ గదిలోకి వెళ్ళి, "అత్తయ్యా" అని పిలిచింది. ఉన్ని తివాచీ మీద కూర్చున్న సల్తనత్ తల తిప్పలేదు. నెలరోజులుగా ఇదే వరస. తనంటే కోపమనుకుంది నూర్జాత్.

దగ్గరికెళ్ళి చూసింది. టాబ్లెట్‌లో ఒకామె 'టీ', 'రొట్టె' అని చేతులతో సైగలు నేర్పుతోంది. సల్తనత్ కూడా అవే చేస్తోంది.

కోడల్ని చూసి ఉలిక్కిపడింది. "వాడికి చెప్పకమ్మా. ఒక చెవి పోయింది. రెండోదీ నిలవదన్నాడు డాక్టరు."

"తెలిసిందా?" అని అవతల నుంచి అడిగాడు ఎమిల్.

"తెలిసింది. ఇకమీదట ఇంకా ఎక్కువే అవుతుంది" అని, నూర్జాత్ అత్త పక్కన కూర్చుని పాఠం మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.