తడి ఇసుకకు ఏ బకెట్?

"తడి ఇసుకకి పెద్ద బకెట్టే కదా నాన్నా?" అంది కూతురు, చేతిలోని కాగితం మీంచి తలెత్తకుండా.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న తండ్రి విననట్టే కూర్చున్నాడు. ముందు బకెట్‌తో ఇసుకా రాళ్లూ ఎత్తిపోసే లోడర్ బండిని ముప్పై ఏళ్లు నడిపిన మనిషి. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి గానీ, మాట మాత్రం తడబడుతూ వచ్చేది. అది నలుగురూ వినడం నామోషీ అనిపించి, ఆయన మాట్లాడటమే మానేశాడు. చూడటానికి వచ్చిన పాత స్నేహితుణ్ణి కూడా చేతి సైగతోనే సాగనంపాడు.

కూతురు వేరే ఊళ్లో ఒక యార్డులో పని చేస్తోంది. ఆదివారం ఇంటికి వచ్చి, మర్నాడే లోడర్ డ్రైవర్ల పరీక్ష అని చెప్పింది. ఆడపిల్లకి ఇనుముతో ఏం పని అని ఒకప్పుడు కసిరినవాడే ఆయన. ఈసారి కసరడానికి కూడా నోరు విప్పలేదు.

"పెద్దదైతే పని తొందరగా తెములుతుంది," అనుకుంటూ ఆమె ఏదో రాసుకుంది.

ఆయన చేతికర్రతో నేల మీద కొట్టాడు. తల అడ్డంగా ఊపాడు. ఆమె తలెత్తలేదు.

"పొ... పొట్టుకి," అన్నాడు చివరికి. "పెద్దది... రంపపు పొట్టుకి."

"మరి ఇసుకకి?"

ఇసుక అసలే బరువు, తడిస్తే మరీ బరువు అని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పెద్ద బకెట్ నిండా ఎత్తితే వెనక చక్రాలు గాల్లోకి లేస్తాయని చేత్తో చూపించబోయాడు. ఆమె కాగితంలోనే తల దూర్చి ఉంది. అదీ నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

బండరాళ్లకి పళ్లులేని బకెట్ చాలంది. ఆయనకు ఒళ్లు మండింది. పళ్లున్నది, గట్టిది, చిన్నది కావాలని గదమాయించాడు. నిండిన బకెట్‌ని బాగా పైకెత్తి నడిపితే ముందు దారి చక్కగా కనిపిస్తుంది కదా అంది.

"బకెట్ నేలకి దగ్గరగా పెట్టి నడపాలే మొద్దూ, లేకపోతే బండి తిరగబడి దాని కింద పడి చస్తావు!"

వంటింటి గుమ్మంలోకి వచ్చిన తల్లి గరిటెతో అలాగే నిలబడిపోయింది. ఒక్క అక్షరం తడబడలేదు. ఆ సంగతి ఆయనకూ కాసేపటికి తెలిసింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"రేపు సాయంత్రం... వాణ్ణి ఓసారి రమ్మను," అన్నాడు భార్యతో, పాత స్నేహితుడి గురించి.

తెల్లవారి కూతురు బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చాడు. "భయపడకు. తప్పితే... మళ్లీ రాద్దువుగాని," అన్నాడు.

ఆమె సరేనని తలూపి బస్సెక్కింది. యార్డు చేరేసరికి పదకొండుమంది హెల్మెట్లు చేత్తో పట్టుకుని బెదురు బెదురుగా ఎదురుచూస్తున్నారు.

పరీక్ష పెట్టేది ఆమే.