కొత్త ఫోన్ ఎందుకు బాపూ?

"వద్దంటే వద్దు బాపూ. నీ ఫోన్ మంచిగనే నడుస్తున్నది గదా!"

శ్వేత గొంతు పెంచడంతో సెల్‌ఫోన్ల దుకాణంలో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. మైసన్న మాత్రం గాజుబల్ల మీదున్న కొత్త ఫోన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

మైసన్నది ఎల్లారెడ్డి. అక్కడే వడ్లు పట్టే గిర్నిలో పని. ఆ రోజు సెలవు పెట్టి పొద్దున బస్సుకే కామారెడ్డి వచ్చాడు. నేరుగా కూతురు పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు పోయి, మక్కగారెల డబ్బా చేతికిచ్చి, "ఒక్క గంట పర్మిషన్ అడుగు బిడ్డా. ఫోన్ మార్చాలె. నువ్వుంటె నాకు ధైర్నం" అన్నాడు. శ్వేత కాదనలేక వచ్చింది. వచ్చాక అడుగడుగునా కాదంటోంది.

దుకాణం నగేశ్‌ది. అతను మైసన్న పాత ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆరేళ్ల కిందటిది. అద్దం ఒక మూల పగిలింది.

"కాకా, ఉన్నమాట చెప్పాల్నంటే కొత్త బ్యాటరీ ఏస్తే ఇది ఇంకో ఏడాది నడుస్తది."

"నడుస్తది గని, బొమ్మ సక్కగ వస్తలేదు," అన్నాడు మైసన్న. "అంత డబ్బాలు డబ్బాలుగ అయితది. సగంల ఆగిపోతది. ఈ కొత్తదాంట్ల పెద్దగ, సాఫ్‌గ కనవడ్తదా?"

"అద్దంల చూసినట్టు కనవడ్తది."

శ్వేతకు ఒళ్లు మండింది.

"సమజైంది. గిర్నికాడ అందరు పొద్దంత రీల్స్ చూస్తుండ్రు. నువ్వు సుత మొదలువెట్టినవా?"

"గట్లెందుకంటవ్ బిడ్డా?"

"మరి బొమ్మతోని నీకేం పని? రోజూ సాయంత్రం మాట్లాడుకుంటనే ఉన్నం. ఇంకేం గావాలె?"

"మాట్లాడుకుంటున్నం గని..." మైసన్న ఏదో చెప్పబోయాడు. చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఆగిపోయాడు.

శ్వేత మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. "ఆ పైసలు దాచుకో బాపూ. ముందుముందు ఎట్లుంటదో ఎవరికెరుక?" అంది. మైసన్న జవాబు చెప్పలేదు. అలిగాడనుకుంది ఆమె.

కాసేపటికి మైసన్న కొత్త ఫోన్‌ను నగేశ్ వైపు జరిపి, పాతదాన్ని అంగీ జేబులో వేసుకున్నాడు. బస్టాండు దాకా శ్వేత ముందు ముందే నడిచింది. మైసన్న బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ ముఖంలో కోపం లేదు. అదే శ్వేతను ఎక్కువ బాధపెట్టింది.

సాయంత్రం హాస్టల్‌కు రాగానే మక్కగారెల డబ్బా తెరిచింది. ఒక్కటీ తినబుద్ధి కాలేదు. మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది.

"బాపూ, ఇల్లు చేరినవా?"

"ఆ బిడ్డా, మంచిగున్న."

"పొద్దుగాల నలుగుట్ల గట్ల లొల్లి చేసిన. మనసుల పెట్టుకోకు."

"ఆ... ఆ... తిన్నవా?"

శ్వేత గట్టిగా ఊపిరి పీల్చుకుంది. వారం రోజులుగా ఎవరికీ చెప్పని మాట. హాస్టల్లో పక్క మంచం పిల్లకు కూడా చెప్పలేదు.

"బాపూ, నీకొక్కనికే చెప్తున్న. అవ్వకు చెప్పకు. మా ల్యాబు మూసేస్తుండ్రు. ఈ నెలాఖరుకు నా నౌకరి పోతది. అందుకే ఆ పైసలు ఖర్సు పెట్టొద్దన్న. నాకు బుగులైతుంది బాపూ."

మైసన్న గొంతు ఎప్పటిలాగే తేలిగ్గా, ప్రేమగా వినిపించింది.

"మంచిదాయె బిడ్డా. సంతోషం. గట్లనే ఉండు."

శ్వేత తన చెవులను తానే నమ్మలేకపోయింది.

"బాపూ! నౌకరి పోతున్నదంటున్న!"

"ఆ, మంచిది మంచిది. టయానికి తిను. పానం జాగ్రత్త..."

ఆయన మాట ఇంకా అవ్వనే లేదు, శ్వేత ఫోన్ పెట్టేసింది. ఒక్క ఫోన్ కొననివ్వలేదని ఇంత కసా? కూతురి బతుకుదెరువు పోతుంటే సంతోషమనే తండ్రి ఉంటాడా? చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఇక ఇంటికి ఫోన్ చెయ్యకూడదనుకుంది.

పావుగంట గడిచిందో లేదో ఫోన్ మోగింది. భూమక్క. ఎల్లారెడ్డిలో వాళ్ల పక్కింటామె. ఎప్పుడూ చెయ్యని మనిషి, అదీ వీడియో కాల్. బాపుకేమైనా అయిందా? శ్వేత గబగబా ఎత్తింది.

తెర నిండా మైసన్న ముఖమే. పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నాడు. కూతురి ఉబ్బిన కళ్లు చూడగానే ఆయన పెదవి అదిరింది.

"ఏడుస్తున్నవా బిడ్డా? నేను మాట్లాడుతుండంగనే కట్ అయినట్టు ఫోన్ల కనవడ్డది. నువ్వెప్పుడు గట్ల చెయ్యవు. ఏదో తప్పు జవాబు చెప్పిన్నని భయమైంది. అందుకే భూమక్కను బతిమాలుకొని ఈ ఫోన్ తీసుకున్న."

"తప్పు జవాబా? బాపూ, నువ్వు అసలు..."

"జర ఆగు. చున్నీ తియ్యి. ఫోన్ మొకానికి ఎదురుంగ పట్టు. ఇంకొంచెం దగ్గరికి... ఆ, గట్ల. గిప్పుడు మెల్లగ చెప్పు. నా చెవులకు నీ మాట వినవడక ఏడాదైతుంది బిడ్డా, మొకం కనవడితె పెదాలు చూసి సమజ్ చేసుకుంట."